మిషను బాగానే ఉంది

పరుపుల షాపులో ఆమెను అందరూ నిద్రమ్మ అనేవారు. అలాగని ఆమె నిద్రమొహం మనిషేమీ కాదు. షాపు తెరిచేసరికి వచ్చి, మూసేదాకా కాలు ఒకచోట నిలపకుండా తిరిగే మనిషి. ఆ పేరు రావడానికి కారణం వేరే ఉంది. ఆమె పరుపు చూపిస్తే, కొనడానికి వచ్చినవాళ్లు దాని మీద నిజంగానే నిద్రపోయేవారు. ఒకసారి ఒక బస్సు డ్రైవరు ఊరికే నడుం వాల్చి చూస్తానని పడుకుని గుర్రు పెట్టాడు. భార్య భుజం పట్టి కుదిపితే కళ్లు తెరవకుండానే "ఇంకా స్టాపు రాలేదు, కూర్చోండి" అన్నాడు. షాపంతా గొల్లుమంది. ఆ రోజుతో ఆ పేరు ఖాయమైపోయింది.

ఆమె అమ్మే తీరే వేరు. ముందు ధర చెప్పేది కాదు. "ఏ పక్కకి తిరిగి పడుకుంటారు? పొద్దున లేచేసరికి ఎక్కడ పట్టేస్తుంది?" అని అడిగేది. వాళ్లు చెప్పేది పూర్తిగా విని, చవకదే సరిపోతుందనిపిస్తే చవకదే చూపించేది. ఎవరైనా బేరానికి దిగి "నిద్ర సుఖమెరగదంటారు కదమ్మా, ఏ పరుపైతేనేం?" అంటే, "ఆ సామెత కట్టినాయనకి నడుం నొప్పి వచ్చి ఉండదండీ" అనేది. వాళ్లు నవ్వేవారు. నవ్విన మనిషి వట్టి చేతుల్తో వెళ్లడం అరుదు. మనసుకి నచ్చినవాళ్లకి షావుకారుని అడక్కుండానే ఒక దిండు ఊరికే ఇచ్చి పంపేది.

అబద్ధం చెప్పి ఒక్క దిండు కూడా అమ్మలేదని ఆమె అప్పుడప్పుడూ అంటూ ఉండేది. గొప్పకు అనేది కాదు. తన ఎత్తెంతో, తన చెప్పుల సైజెంతో చెప్పినంత మామూలుగా చెప్పేది. కానీ లోపల మాత్రం, ఆమెకున్న ఆస్తి అదే.

షాపులో జీతం కొద్దిగానే. ఇల్లు గడిచేది కమీషను మీద. అమ్మిన ప్రతి వందకూ ఐదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పోయిన ఏడాది భుజం పట్టు తప్పి, బరువైన పనులు చేయకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి అతనికి సగం పనీ, సగం జీతమే. అందుకని ఆ ఐదు మీద ఇంట్లో అందరి కళ్లూ ఉండేవి.

అలాంటి సమయంలో ఒక జీతం రోజున చీటీలో కొత్త వరస కనిపించింది. చెల్లింపు ఖర్చులని రాసి, దాని పక్కన కోత.

షావుకారు అందర్నీ పిలిచి తనే చెప్పాడు. ఆయన ఒకప్పుడు దూది ఏకి, సొంత చేతుల్తో పరుపులు కుట్టి ఈ షాపు నిలబెట్టిన మనిషి. ఇప్పటికీ కొత్త సరుకు వస్తే కుట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూడనిదే లోపలికి రానివ్వడు. చెడ్డవాడని ఎవరూ అనరు. గట్టివాడని అందరూ అంటారు.

"కార్డు గీకితే వందకి రెండు బ్యాంకువాళ్లు పట్టుకుంటున్నారు. వాయిదాల మీద కొంటే ఇంకా ఎక్కువ. నా చేతికే తక్కువొస్తోంది. మీ అమ్మకం మీద పడే ఖర్చు మీ కమీషన్లోంచి పోవడం న్యాయమే కదా" అన్నాడు.

అందరికంటే పాతవాడైన పొడుగాయన అలవాటు కొద్దీ తల ఊపాడు.

బస్సులో ఇంటికి వెళుతుంటే నిద్రమ్మకు లెక్క అర్థమైంది. బ్యాంకు పట్టుకునేది వందలో రెండు. షావుకారు కోసేది ఐదులో రెండు. మొత్తం సరుకు మీద పడే ఖర్చంతా అమ్మినవాళ్ల పిడికెడులోంచే పోతోంది. వాయిదాల మీద అమ్మితే ఆ పిడికిట్లో మిగిలేది చెమటే.

తర్వాత షాపులో ఒక వింత మొదలైంది. కౌంటరు మీది కార్డు మిషను రోజూ పాడవడం మొదలుపెట్టింది. నిజానికి దానికి ఏ రోగమూ లేదు. అమ్మేవాళ్లే, మనుషుల్ని కౌంటరు దాకా రానివ్వకుండా పరుపు దగ్గరే నిలబెట్టి, "మిషను పని చెయ్యట్లేదండీ, డబ్బు తెచ్చుకోగలరా?" అనేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పొడుగాయన అన్నాడు. దిండ్ల దగ్గరుండే అమ్మాయీ అంది. షావుకారు ఎప్పుడూ వెనక గోడౌన్లోనో, అద్దాల గదిలోనో ఉండేవాడు. ఆయన చెవిన పడలేదు.

నిద్రమ్మ మాత్రం అనలేదు. కోతకు కోత పడనిచ్చి, మింగలేక కక్కలేక రెండు నెలలు లాక్కొచ్చింది. మూడో నెలలో భర్త భుజానికి మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొచ్చింది.

ఆ వారంలోనే ఒక ఉదయం, వాన పడుతుండగా, ఒక నర్సు వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఆసుపత్రి బట్టలు అలాగే ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తండ్రికి తుంటి ఎముక ఆపరేషన్ అయిందనీ, మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్తున్నామనీ, ఆలోగా పరుపు కావాలనీ చెప్పింది. నిద్రమ్మ ఆయన ఎత్తూ బరువూ అడిగి, మరీ మెత్తగా దిగబడనిది, లేవడానికి వీలుగా అంచు గట్టిగా ఉన్నది ఒకటి చూపించింది. నర్సు చేత్తో నొక్కి చూసి, "ఇదే" అంది. పర్సులోంచి కార్డు తీసింది.

"మిషను పని చెయ్యట్లేదమ్మా" అంది నిద్రమ్మ.

ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఎవరో వెనక నిలబడి అన్నట్టనిపించింది.

నర్సు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "డబ్బు తీసే మిషను దగ్గర్లో ఎక్కడుంది?"

"వీధి చివర, సిగ్నల్ దాటాక."

"సరే, ఈ పరుపు ఎవరికీ ఇవ్వకండి" అని, నర్సు సంచి తల మీద పెట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

నిద్రమ్మ అద్దంలోంచి చూస్తూ నిలబడింది. రాత్రంతా నిలబడిన కాళ్లు ఎలా నడుస్తాయో ఆమెకు తెలుసు. ఆ పిల్ల అలాగే నడుస్తోంది, ఒక్కో అడుగూ బతిమాలి వేయిస్తున్నట్టు. సిగ్నల్ దగ్గర ఆగింది. వాన జోరెక్కింది. నిద్రమ్మ చటుక్కున తలుపు పక్కనున్న గొడుగు అందుకుని, షాపు చెప్పుల్తోనే బయటికి పరిగెత్తింది.

"అమ్మా! ఆగమ్మా! వెనక్కి రండి. మిషను బాగానే ఉంది."

నర్సు తిరిగి చూసింది. "బాగైందా అప్పుడే?"

"అది పాడవలేదు. పాడైంది నా నోరు."

గొడుగు కింద నిలబెట్టి ఉన్నమాట చెప్పేసింది. కార్డు మీద కొంటే తన కమీషన్లో కోస్తారనీ, అందుకే అలా అన్నాననీ. తిట్టించుకోవడానికి సిద్ధపడే చెప్పింది. నర్సు తిట్టలేదు.

"ఆ సంగతి ముందే చెప్పి ఉంటే నేనే డబ్బు తెచ్చి ఇచ్చేదాన్ని కదండీ" అంది. తర్వాత తడిసిన మొహం తుడుచుకుని, "ఇప్పుడు మాత్రం తేను. కార్డే గీకుతాను. నాకు ఇంకో అడుగు వేసే ఓపిక లేదు" అని నవ్వేసింది.

తిట్టి ఉంటే అంత బాధగా ఉండేది కాదు. పరుపు బండిలోకి ఎక్కించి, నర్సును సాగనంపి, నిద్రమ్మ నేరుగా గోడౌన్లోకి వెళ్లింది. షావుకారు కొత్త సరుకు కుట్టు నొక్కి చూస్తున్నాడు.

"సార్, ఇవాళ ఒక కస్టమరుకి మిషను పాడైందని అబద్ధం చెప్పాను."

ఆయన కళ్లజోడు మీంచి చూశాడు. "నువ్వా? ఎందుకు?"

"కోత పడుతుందని."

"ఆ డబ్బు నేను తినట్లేదమ్మా. బ్యాంకు తింటోంది."

"మీరు తింటున్నారని నేననలేదు సార్. షాపు అద్దె ఇంటివాళ్లు తింటున్నారు, కరెంటు బిల్లు కరెంటువాళ్లు తింటున్నారు. అవి మా దగ్గర కొయ్యట్లేదు కదా. ఏ లైటు కింద నిలబడి అమ్మానో ఆ లైటు ఖర్చు కూడా రేపు కోస్తారా?"

షావుకారుకు నవ్వొచ్చింది. దాన్ని మీసాల్లోనే ఆపేశాడు. "నీ మాటల్తో నన్ను కూడా పడుకోబెట్టేలా ఉన్నావే."

"లేపుతున్నాను సార్."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే. మీ ఆయన భుజం సంగతి నాకు తెలుసు. నీకొక్కదానికి ఈ నెల నుంచి కోత ఉండదు. బయట అనకు."

ఆ మాట చెవికి ఎంత చల్లగా తాకిందో నిద్రమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇంటి అద్దె, డాక్టరు ఫీజు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తీరిపోయినట్టు కనిపించాయి. ఆ వెంటనే పొడుగాయన కూడా కనిపించాడు. రోజూ ఆయన పక్కనే నిలబడి అమ్మాలి. ఆయన చీటీలో కోత ఉంటుంది, తన చీటీలో ఉండదు. ఆయన మామూలుగా "భోంచేశావా చెల్లెమ్మా" అని అడుగుతాడు.

"వద్దు సార్" అంది.

"ఏం వద్దు?"

"నా ఒక్కదానికైతే వద్దు. తీసేస్తే అందరికీ తీసెయ్యండి."

"అందరికీ నా వల్ల కాదు."

"అయితే రేపు అందరం కలిసే వచ్చి అడుగుతాం సార్." అలా అని బయటికొచ్చాక చూసుకుంటే ఆమె మోకాళ్లు వణుకుతున్నాయి.

ఇంట్లో ఆ సాయంత్రం భర్త తలుపుకు తాడు కట్టి భుజానికి వ్యాయామం చేస్తున్నాడు. జరిగింది విని తాడు వదిలేశాడు.

"ఇస్తానంటే వద్దన్నావా? ఉద్యోగం పోతేనో?"

"పోతే ఇంకో షాపు చూసుకుంటానండీ. మనుషులు నిద్రపోవడం మానేస్తారా ఏమన్నా?"

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆవిడ ఎదటి మనిషిని ఎదటే పొగిడితే ఆయుష్షు తగ్గుతుందని గట్టిగా నమ్మే మనిషి. ఆ లెక్కన కోడలికి నూరేళ్లు ఢోకా లేదు. అప్పుడు కూడా ఏమీ అనలేదు. "అన్నం చల్లారిపోతోంది, రండి" అంది. వడ్డించాక మాత్రం కొడుకు కంచంలో వెయ్యబోయిన రెండో గరిటె కోడలి కంచంలో వేసింది.

మర్నాడు ఉదయం, షట్టరు ఎత్తగానే, నిద్రమ్మ మిగతా ఇద్దరికీ చెప్పింది. తనకొక్కదానికి ఇస్తానన్న సంగతి కూడా దాచలేదు.

దిండ్ల దగ్గరమ్మాయి కళ్లింతవి చేసుకుంది. "పిల్లి మెళ్లో గంట కట్టేదెవరా అనుకుంటున్నానక్కా ఇన్నాళ్లూ."

"నేను కడతాను. నువ్వు పక్కన నిలబడు చాలు. కరిస్తే నన్నే కరుస్తుంది."

పొడుగాయన పరుపు మీది దుప్పటి ముడతలు సరిచేస్తూ ఉండిపోయాడు. కస్టమర్ల ముందు తప్ప ఆయన నోట్లో నాలుక ఉందని ఎవరికీ తెలియదు. "నన్నొదిలెయ్ చెల్లెమ్మా. ఇద్దరి పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి. ఈ వయసులో నన్ను ఇంకెవడు పెట్టుకుంటాడు?"

"సరే అన్నయ్యా" అంది నిద్రమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయన భయం ఆమెకూ తెలిసిందే.

ఇద్దరాడవాళ్లే అద్దాల గదిలోకి వెళ్లారు. నిద్రమ్మ అడగాల్సింది అడిగింది. షావుకారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పొడుగాయన రాలేదే? నా దగ్గర ఇన్నేళ్లుగా ఉన్న మనిషి. ఆయనకి లేని బాధ మీకెందుకొచ్చింది?"

ఆ మాట పూర్తయ్యేలోపే తలుపు తెరుచుకుంది. పొడుగాయన ఎప్పటిలాగే గుమ్మం తగలకుండా తల వంచి లోపలికొచ్చాడు.

"నాకూ ఉంది సార్" అన్నాడు. "డబ్బు బాధ ఎలాగూ ఉంది. అదొక్కటే కాదు. మూడు నెలలుగా మిషను పాడైందని రోజూ అబద్ధమాడుతున్నాను. మొన్న ఒక ముసలాయన్ని ఎండలో బ్యాంకు దాకా రెండుసార్లు తిప్పాను సార్. ఆ రోజు ఇంటికెళ్లి ముద్ద మింగలేకపోయాను. మా నాన్న గుర్తొచ్చాడు."

షావుకారు ముందుకు వంగాడు. "రోజూనా? నా షాపులోనా?"

"మీ షాపులోనే సార్."

"నేను నమ్మను" అని షావుకారు లేచాడు. మొహం కందిపోయింది. "ముగ్గురూ ఒక మాట మీదకొచ్చి నన్ను బెదిరిద్దామనుకుంటున్నారు. రేపు నేనే బయట నిలబడి అమ్ముతాను. కార్డు మీద అమ్మడం అంత నరకమో కాదో నేనే చూస్తాను."

అన్నట్టే మర్నాడు చొక్కా చేతులు మడిచి పరుపుల మధ్య నిలబడ్డాడు. ఎన్నేళ్ల తర్వాతో మరి, అయినా చెయ్యి తిరిగిన మనిషి చెయ్యి తిరిగిన మనిషే. కుట్టు చూపించాడు, గుడ్డ చూపించాడు, ఒక కొత్త జంటకు మంచంతో సహా అంటగట్టాడు. నిద్రమ్మకే ముచ్చటేసింది. మధ్యాహ్నం దాకా అంతా కార్డుల మీదే. ఆయన మొహంలో "చూశారా" అన్న వెలుగు రావడం మొదలైంది.

అప్పుడొచ్చాడు ఒక బట్టతలాయన. పరుపు ఎంచుకోవడం, బేరం తేల్చుకోవడం క్షణాల్లో అయిపోయింది. ఆపైన ఆయన చొక్కా లోపల చెయ్యి పెట్టి, గుడ్డలో కట్టిన డబ్బు కట్ట బయటికి తీశాడు.

"ఇంత డబ్బు ఒంటి మీద పెట్టుకుని వచ్చారేంటండీ? కార్డు లేదా?" అన్నాడు షావుకారు.

"ఎందుకు లేదు? మా తోడల్లుడు ముందే చెప్పాడు. ఆ షాపులో పరుపులు మంచివే గానీ మిషనే ఎప్పుడూ పాడు, డబ్బు పట్టుకెళ్లమని. దారి పొడుగునా గుండె చేత్తో పట్టుకుని వచ్చాననుకోండి. అయినా ఇంత షాపు పెట్టుకుని ఆ బోడి మిషను బాగుచేయించుకోలేరా?"

పొడుగాయన దుప్పటి ముడతల్లో ఏదో వెతుకుతున్నాడు. దిండ్ల దగ్గరమ్మాయి దిండులో మొహం దాచుకుంది.

"మిషను బాగానే ఉందండీ" అన్నాడు షావుకారు మెల్లిగా.

"ఏమోనండీ. మా తోడల్లుడు అబద్ధం చెప్పే మనిషి కాదు."

ఆ బట్టతలాయన వెళ్లాక షావుకారు చాలాసేపు అక్కడే ఒక మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. బొటనవేలితో పరుపు కుట్టు నొక్కుతూ ఉన్నాడు గానీ చూపు అక్కడ లేదు. నిద్రమ్మకు జాలేసింది. ఆయనకూ తనకున్నలాంటి ఆస్తి ఒకటుందనీ, అది ఇవాళ ఎవడో ముక్కూ మొహం తెలియని మనిషి నోటి వెంట చిల్లు పడి కనిపించిందనీ ఆమెకు అర్థమైంది.

షాపు మూసే ముందు అందర్నీ గదిలోకి పిలిచాడు.

"దూది ఏకి ఏకి దగ్గుతూ సంపాదించిన పేరిది" అన్నాడు. "దాన్ని వందకి రెండు చొప్పున నేనే అమ్ముకున్నట్టున్నాను. బ్యాంకు ఖర్చు షాపు ఖర్చే. అద్దెలాగా, లైటులాగా." లైటన్నప్పుడు నిద్రమ్మ వైపు చూశాడు. "ఇప్పటిదాకా కోసింది రెండు జీతాల్లో తిరిగిచ్చేస్తాను. ఇక మీదట మిషను పాడైందని ఎవరి నోటన్నా విన్నానా, ఊరుకోను. ఇంకొకటి. అడక్కుండా దిండ్లు ఊరికే పంచిపెట్టడం కూడా ఆగాలి. ఎవరి గురించి అంటున్నానో వాళ్లకి తెలుసు."

"పసిపిల్లలున్నవాళ్లకి ఒకటి ఇవ్వనివ్వండి సార్" అంది నిద్రమ్మ.

"బేరమాడకుండా ఉండలేవా నువ్వు?"

"మీ దగ్గరే నేర్చుకున్నాను సార్."

"ఒకటే. రెండోది కనబడిందా..." అని ఆయన పూర్తి చెయ్యలేదు. ఈసారి నవ్వు మీసాల్లో ఆగలేదు.

బయటికొస్తూ పొడుగాయన, ఇన్నేళ్లలో మొదటిసారి, తల వంచడం మరిచిపోయి గుమ్మానికి నుదురు ఠంగున కొట్టుకున్నాడు. నుదురు రుద్దుకుంటూ, "ఫరవాలేదు, ఫరవాలేదు" అని పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. దిండ్ల దగ్గరమ్మాయి నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది.

నిద్రమ్మ బస్టాపు దాకా నడుస్తూ ఇంటికి ఫోను చేసి భర్తకు చెప్పింది. తర్వాత బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. డబ్బు తిరిగొస్తుందన్న సంతోషం ఉంది, లేదనడానికి లేదు. కానీ దానికి మించిన తృప్తి ఒకటి వెన్ను నిటారుగా నిలబెట్టింది. సీటుకు జారగిలబడాలనే అనిపించలేదు.

ఇంటి మెట్లెక్కి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల అత్తగారి గొంతు వినబడింది. అక్కగారితో ఫోను. ఆ అక్కగారికి చెవులు మందం. అందుకని ఈవిడ మాటలు కింది అంతస్తు దాకా వినిపిస్తున్నాయి.

"మా కోడలే! ఇంకెవరనుకున్నావ్? ఒక్కతే వెళ్లి అడిగిందట. నీకొక్కదానికి ఇస్తా పుచ్చుకోమంటే, అందరికీ ఇస్తేనే పుచ్చుకుంటానని మొహాన చెప్పేసిందట... ఆఁ, షావుకారుకే! టేబులు మీద గుద్ది మరీ చెప్పిందట. ఆయన గడగడా వణికిపోయాడట... పొగడ్డం కాదే అక్కా, ఉన్నమాట చెప్తున్నా. అలాంటి పిల్ల మన రెండిళ్లలోనూ లేదు. నీ కోడళ్లని ఏమీ అనట్లేదులే. లేదంటున్నానంతే."

నిద్రమ్మ తలుపు తట్టలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పై మెట్టు మీద కూర్చుంది. టేబులు మీద ఎవరూ గుద్దలేదు. గడగడా వణికింది తన మోకాళ్లే. అయినా అడ్డు వెళ్లి సరిదిద్దాలనిపించలేదు. అక్కగారికి వినబడక రెండోసారి మొదటి నుంచీ చెప్పాల్సొస్తే, రెండోసారి కూడా కూర్చుని విన్నది. రెండోసారికి షావుకారు కుర్చీలోంచి కింద పడ్డాడు కూడా.

ఫోను పెట్టేసిన చప్పుడయ్యాక తలుపు తోసింది. అత్తగారు ఉలిక్కిపడింది.

"ఎంతసేపైంది వచ్చి? గుమ్మంలో ఏం చేస్తున్నావ్?"

"మీ ఫోను అయ్యేదాకా ఆగాను అత్తయ్యా."

"అంతా విన్నావా?"

"విన్నాను."

అత్తగారు చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఒకసారి కిటికీ వైపు, ఒకసారి వంటింటి వైపు చూసింది. చివరికి కోడలి మొహంలోకే చూస్తూ అడిగింది.

"ఇంతకీ టేబులు మీద గుద్దావా లేదా?"

"లేదత్తయ్యా."

"గుద్దాల్సింది" అంది ఆవిడ.